తక్కువ ఉష్ణోగ్రతలో హాల్ బార్ కొలవడం ఎలా: మొదటి కాంటాక్టు నుంచి డింగిల్ గీత దాకా

"ప్లాటో కనిపిస్తోంది గానీ చదునుగా లేదు", "కనిష్ఠాలు సున్నాకి దిగడం లేదు", "క్షేత్రం దిశ మారిస్తే వేరే గ్రాఫ్ వస్తోంది". హాల్ బార్ (పక్కల వోల్టేజీ కాంటాక్టులు ఉన్న సన్నని పట్టీ లాంటి శాంపిల్) కొలిచేవాళ్ళు ఈ మూడు ప్రశ్నలే తిప్పి తిప్పి అడుగుతున్నారు. అయస్కాంత క్షేత్రం పెంచుతూ పోతే అడ్డంగా వచ్చే నిరోధం మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఒక్కో మెట్టు చదును భాగమే ప్లాటో; అక్కడే కరెంట్ దిశలో నిరోధం కనిష్ఠానికి దిగుతుంది. చాలాసార్లు తప్పు అయస్కాంతంలో ఉండదు. శాంపిల్ ఇంకా బల్ల మీద, గది ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు మనం చూడకుండా వదిలేసిన ఏదో కాంటాక్టులోనో, ఎర్తింగ్‌లోనో ఉంటుంది. అందుకే ఇక్కడ చాలా భాగం అయస్కాంతం ముట్టుకోకముందు చేసే పనికే పోతుంది, ఓపిక పట్టండి.

ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. గాలియం ఆర్సెనైడ్, అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొరల మధ్య ఉన్న ద్విమితీయ ఎలక్ట్రాన్ పొర. సాంద్రత చదరపు సెంటీమీటరుకు 2.4 × 10¹¹, మొబిలిటీ (ఎలక్ట్రాన్లు ఎంత తేలికగా కదులుతాయన్న కొలత) వోల్ట్ సెకనుకు 10 లక్షల చదరపు సెంటీమీటర్లు. హాల్ బార్ వెడల్పు 100 మైక్రాన్లు, వోల్టేజీ కాంటాక్టుల మధ్య దూరం 400 మైక్రాన్లు. కరెంట్ పారే దిశలో వచ్చే నిరోధాన్ని "పొడవు నిరోధం" అంటాను, అడ్డంగా వచ్చేదాన్ని "హాల్ నిరోధం" అంటాను.

## 1. ముందు కాగితం మీద ఎంత రావాలో రాసుకోండి

ఇది ఎవరూ చేయరు. తెర మీద వచ్చిన అంకె సరైనదో కాదో తెలియాలంటే ఎంత రావాలో ముందే తెలిసి ఉండాలి కదా. మన శాంపిల్‌కి:

- హాల్ వాలు: సాంద్రతను ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణించి, దాని విలోమం తీసుకుంటే టెస్లాకు సుమారు 2,600 ఓమ్‌లు.
- ఫిల్లింగ్ సంఖ్య (క్షేత్రంలో ఎన్ని శక్తి స్థాయిలు నిండాయో చెప్పే అంకె) 2: 4.96 టెస్లా దగ్గర, హాల్ నిరోధం 12,906 ఓమ్‌లు.
- ఫిల్లింగ్ సంఖ్య 1: 9.93 టెస్లా దగ్గర, 25,813 ఓమ్‌లు.
- క్షేత్రం లేనప్పుడు: చదరానికి (పొడవూ వెడల్పూ సమానమైన ముక్కకి) 26 ఓమ్‌లు. మన కాంటాక్టుల మధ్య నాలుగు చదరాలు, అంటే 104 ఓమ్‌లు.
- 10 నానోయాంప్‌ల కరెంట్‌తో సిగ్నల్: దాదాపు 1 మైక్రోవోల్ట్.

ఆ చివరి అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. వైర్లలోకి వచ్చే మెయిన్స్ హమ్ దీనికి వందల రెట్లు ఉండవచ్చు. మీ టెన్షన్ అంతా ఎక్కడ పెట్టాలో ఈ అంకే చెబుతుంది.

ఉష్ణోగ్రత ఎంత కావాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. గాలియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్ ప్రభావ ద్రవ్యరాశి మామూలు ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి 0.067 రెట్లు, కాబట్టి లాండౌ స్థాయిల (క్షేత్రంలో ఎలక్ట్రాన్లకు వచ్చే విడివిడి శక్తి స్థాయిల) మధ్య ఖాళీ టెస్లాకు సుమారు 20 కెల్విన్లు. స్పిన్ వల్ల వచ్చే ఖాళీ మాత్రం, ఎలక్ట్రాన్ల పరస్పర చర్య వల్ల పెరిగేది పక్కన పెడితే, టెస్లాకు 0.3 కెల్వినే. అందుకే సరి సంఖ్యల ప్లాటోలు 4.2 కెల్విన్‌లోనే మొహం చూపిస్తాయి, బేసి సంఖ్యలవి బాగా రావాలంటే పంప్ చేసిన హీలియం (1.5 కెల్విన్) లేదా హీలియం-3 (0.3 కెల్విన్) కావాలి. 4.2 కెల్విన్‌లో ఫిల్లింగ్ 3 కనిపించలేదని శాంపిల్‌ని తిట్టుకోవద్దు.

## 2. శాంపిల్‌ని బల్ల మీదే పరీక్షించండి

ముందు స్టాటిక్ సంగతి. మణికట్టుకు ఎర్త్ పట్టీ ఉండాలి, ప్లగ్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ పిన్నులన్నీ ఎర్త్‌కి కలిసి ఉండాలి. గేటు (వోల్టేజీతో ఎలక్ట్రాన్ సాంద్రత మార్చే లోహపు పొర) ఉన్న శాంపిల్ అయితే ఈ విషయంలో బద్ధకం అస్సలు పనికిరాదు, ఒక్క స్పార్క్ చాలు. నేను ఒకసారి స్వెటర్ వేసుకుని ప్లగ్ మార్చాను, రెండు నెలల పని పోయింది.

తర్వాత ప్రతి కాంటాక్టు జంట మధ్య నిరోధం కొలిచి పట్టికలా రాయండి. మామూలు మల్టీమీటర్ ఓమ్ స్కేలు వాడకండి, అది ఎంత కరెంట్ పంపుతుందో మన చేతిలో ఉండదు. లాకిన్‌తోనో (ఒకే ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ని మాత్రమే ఏరి కొలిచే యాంప్లిఫయర్), పెద్ద రెసిస్టర్ సీరీస్‌లో పెట్టిన చిన్న వోల్టేజీతోనో కొలవండి. గది ఉష్ణోగ్రతలో కొన్ని కిలో ఓమ్‌ల నుంచి కొన్ని పదుల కిలో ఓమ్‌ల దాకా వస్తుంది, జంట మధ్య ఎన్ని చదరాలున్నాయన్నదాన్ని బట్టి. విలువ ఎంత అన్నది అంత ముఖ్యం కాదు. ఒకే ఆకారం ఉన్న జంటలు ఒకేలా ఉన్నాయా అన్నది చూడండి. ఒక కాంటాక్టు ఉన్న ప్రతి జంటా మిగతావాటికి రెట్టింపు చూపిస్తుంటే దొంగ దొరికినట్టే.

గుర్తుంచుకోండి, గదిలో బాగున్న కాంటాక్టు చలిలో చచ్చిపోవచ్చు. బంగారం, జెర్మేనియం, నికెల్ కాంటాక్టుల్ని సరిగా కాల్చకపోతే లోహం ఎలక్ట్రాన్ పొర దాకా దిగదు. వేడిలో ఎలక్ట్రాన్లు ఆ అడ్డుగోడ దూకేస్తాయి, 4 కెల్విన్‌లో దూకలేవు. కాబట్టి ఈ పట్టిక దాచుకోండి, చలిలో మళ్ళీ పనికొస్తుంది.

## 3. వైరింగ్

లాకిన్ ఆసిలేటర్ నుంచి 1 వోల్ట్ తీసి 10 మెగా ఓమ్ రెసిస్టర్ గుండా పంపితే 100 నానోయాంప్‌లు, 100 మెగా ఓమ్ అయితే 10 నానోయాంప్‌లు. ఫ్రీక్వెన్సీ 13 లేదా 17 హెర్ట్జ్ బాగుంటుంది, తక్కువ కాబట్టి వైర్ల కెపాసిటెన్స్ గోల తగ్గుతుంది, మెయిన్స్ 50 అయినా 60 అయినా వాటి గుణిజాలకి దూరంగా ఉంటుంది. రెండు లాకిన్లు ఒకే రిఫరెన్స్‌లో: ఒకటి పొడవు నిరోధానికి, ఒకటి హాల్‌కి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది, దాన్ని కొంచెం విడమరిచి చెప్తాను. "10 మెగా ఓమ్ పెట్టాను కాబట్టి కరెంట్ స్థిరం" అనుకుంటారు. ఫిల్లింగ్ 1 దగ్గర శాంపిల్ రెండు చివరల మధ్య నిరోధమే 25.8 కిలో ఓమ్‌లు, అంటే రెసిస్టర్‌లో 0.26 శాతం. కరెంట్ అంత మేర తగ్గుతుంది, ప్లాటో కూడా అంతే కిందకి కనిపిస్తుంది. పైగా చాలా లాకిన్ల ఇన్‌పుట్ నిరోధం కూడా 10 మెగా ఓమ్‌లే, అటు నుంచీ కొంచెం కరెంట్ కారుతుంది. చూడటానికి చిన్నదే, కానీ ప్లాటో విలువ తప్పిందని సాంద్రతనో, గెయిన్‌నో సర్దుకుంటూ వారం పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. పరిష్కారం తేలిక: శాంపిల్ అవతలి చివర కరెంట్‌ని కూడా కరెంట్ ప్రీయాంప్‌తో కొలవండి, నిరోధం లెక్కలో ఆ కొలిచిన కరెంట్‌నే వాడండి.

వైరింగ్ చెక్‌లిస్ట్:

- ఎర్త్ ఒక్క చోటే. పంపులు, కంప్యూటర్, మాగ్నెట్ సప్లై వేరువేరు దారుల్లో శాంపిల్ ఎర్త్‌ని తాకకూడదు.
- వోల్టేజీ వైర్లు మెలితిప్పిన జంటలుగా ఉండాలి, క్రయోస్టాట్ (శాంపిల్‌ని చల్లగా ఉంచే పాత్ర) లోపల కదలకుండా కట్టి ఉండాలి. క్షేత్రంలో ఊగే వైర్ చిన్న జనరేటర్ లాంటిది.
- ప్రతి వైర్ చలి దశల దగ్గర గట్టిగా థర్మల్‌గా తగిలి ఉండాలి. 0.1 కెల్విన్ కిందకి వెళ్తే ఎలక్ట్రాన్లు చల్లబడేది చాలావరకు ఈ వైర్ల గుండానే.
- వాడని కాంటాక్టులు దేనికీ కలపకుండా తేలుతూ ఉండాలి. ఎర్త్‌కి కలిపితే అంచు కరెంట్ (బలమైన క్షేత్రంలో శాంపిల్ అంచుల వెంట పారేది) అటు పోతుంది.

## 4. చల్లబరచడం

కాంటాక్టులన్నీ ఎర్త్‌లో, గేటు సున్నాలో, కిటికీలు మూసి చీకట్లో, తొందరపడకుండా దించండి. ఒక జంటను మాత్రం లాకిన్‌కి తగిలించి నిరోధాన్ని ఉష్ణోగ్రతతో పాటు రికార్డ్ చేయండి. మొబిలిటీ పెరుగుతుంది కాబట్టి అది తగ్గుతూ రావాలి. 100 కెల్విన్ కింద ఎక్కడో ఎదురు తిరిగి పెరగడం మొదలైతే ఆ జంటలో ఒక కాంటాక్టు పోతున్నట్టు.

దిగిన తర్వాత సాంద్రత తక్కువగా ఉంటే ఎరుపు ఎల్‌ఈడీ వెలుగు చూపించవచ్చు. చాలా శాంపిళ్ళలో చలిలో వెలుగు వల్ల విడుదలైన ఎలక్ట్రాన్లు ఎల్‌ఈడీ ఆపేసినా అలాగే ఉంటాయి, శాంపిల్‌ని మళ్ళీ బాగా వేడెక్కిస్తే గానీ పోవు. దీన్ని ఉప్పు వేసినట్టు వేయాలి: కొన్ని సెకన్లు వెలిగించి, ఆపి, చల్లారనిచ్చి, హాల్ వాలు చూసి, అవసరమైతే మళ్ళీ. ఒకేసారి నిమిషాల తరబడి వెలిగిస్తే డోపింగ్ పొరలో కూడా ఎలక్ట్రాన్లు చేరి సమాంతర వాహకత (ఆ పొర కూడా కరెంట్ మోయడం) మొదలవుతుంది. తర్వాత తీయాలంటే వేడెక్కించి మొదటి నుంచి రావడమే.

రక్షణ గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది: ద్రవ హీలియం గది ఉష్ణోగ్రత వాయువుగా మారితే ఘనపరిమాణం సుమారు 700 రెట్లు పెరుగుతుంది. గదిలో ఆక్సిజన్ అలారం పనిచేస్తోందో లేదో చూశాకే ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టండి.

## 5. క్షేత్రం లేకుండా నాలుగు పరీక్షలు

ఒకటి: గదిలో రాసుకున్న కాంటాక్టు పట్టికను మళ్ళీ నింపండి. ఒకేలా ఉండాల్సిన జంటలు ఇప్పుడూ ఒకేలా ఉన్నాయా?

రెండు: లాకిన్‌లో రెండో భాగం, అంటే 90 డిగ్రీల ఫేజ్ సిగ్నల్. మొదటి భాగంలో ఒకటి రెండు శాతం దాటితే ఎక్కడో రెసిస్టరూ కెపాసిటరూ కలిసి ఆడుకుంటున్నాయి. 1 మెగా ఓమ్ కాంటాక్టు, 1 నానోఫారడ్ వైర్, 17 హెర్ట్జ్ - ఈ మూడూ కలిస్తే 6 డిగ్రీల ఫేజ్. "ఆటో ఫేజ్" బటన్ నొక్కి దాన్ని మాయం చేయకండి. ఆ బటన్ జబ్బును తగ్గించదు, థర్మామీటర్‌ని పగలగొడుతుంది.

మూడు: కరెంట్ కాంటాక్టుల్నీ వోల్టేజీ కాంటాక్టుల్నీ తారుమారు చేయండి. క్షేత్రం లేనప్పుడు అదే నిరోధం రావాలి. రాలేదంటే శాంపిల్‌తో పని లేదు, సర్క్యూట్‌లో లీకేజీ ఉంది.

నాలుగు: కరెంట్ సగం చేస్తే వోల్టేజీ కచ్చితంగా సగం కావాలి.

ఈ నాలుగూ దాటకుండా మాగ్నెట్ స్విచ్ ముట్టుకోవద్దు. నిజంగా.

## 6. స్వీప్

ఎంత వేగంగా తిప్పాలి అన్నదానికి లెక్క ఉంది. క్షేత్రంతో పాటు పొడవు నిరోధం పైకీ కిందకీ ఊగుతుంది; ఈ డోలనాలు క్షేత్రం విలోమంతో సమాన దూరాల్లో వస్తాయి, కాబట్టి తక్కువ క్షేత్రంలో అవి బాగా ఇరుకుగా ఉంటాయి. మన శాంపిల్‌కి 0.3 టెస్లా దగ్గర ఒక డోలనం వెడల్పు సుమారు 18 మిల్లీటెస్లాలు. నిమిషానికి 0.2 టెస్లా వేగంతో వెళ్తే అది 5 సెకన్లలో దాటిపోతుంది. లాకిన్ టైమ్ కాన్‌స్టెంట్ 1 సెకను అయితే ఆ డోలనం నలిగిపోయి చిన్నదిగా, పక్కకి జరిగి కనిపిస్తుంది. 1 టెస్లా కింద నిమిషానికి 0.05 టెస్లాకి తగ్గండి, టైమ్ కాన్‌స్టెంట్ 0.3 సెకను చేయండి. పైన వేగం పెంచుకోవచ్చు.

క్రమం ఇలా:

1. సున్నా నుంచి పైకి, మళ్ళీ కిందకి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. అటూ ఇటూ జరిగితే వేగం ఎక్కువైంది, లేదా మాగ్నెట్‌లో మిగిలిన క్షేత్రం కొన్ని మిల్లీటెస్లాలు ఉంది.
2. రెండో దిశలోనూ అంతే. ఇది ఐచ్ఛికం కాదు. కాంటాక్టులు ఎప్పుడూ కచ్చితంగా సరైన వరుసలో ఉండవు కాబట్టి పొడవు నిరోధంలో హాల్ భాగం, హాల్ నిరోధంలో పొడవు భాగం కొంచెం కలుస్తాయి. రెండు దిశల సగటు పొడవు నిరోధాన్ని, వాటి తేడాలో సగం హాల్ నిరోధాన్ని ఇస్తాయి.
3. ఫిల్లింగ్ 2 మధ్యలో ఆగి, ఒక్కో కాంటాక్టుకూ మూడు వైర్ల కొలత. పొడవు నిరోధం సున్నా అయినప్పుడు ఒకే అంచు మీదున్న పక్క కాంటాక్టుకి కరెంట్ కాంటాక్టు పొటెన్షియలే ఉంటుంది, మిగిలిన తేడా అంతా ఆ కాంటాక్టు, దాని వైరు నిరోధమే. అంచు కరెంట్ ఏ వైపు తిరుగుతుందో చూసి జంటను ఎంచుకోండి, తప్పు వైపు ఎంచుకుంటే 12,906 ఓమ్‌లు అదనంగా వస్తాయి.
4. కరెంట్ సగం చేసి 0.3 నుంచి 1 టెస్లా మళ్ళీ. డోలనాల ఎత్తు నిరోధంలో పెరిగితే ముందు ఎలక్ట్రాన్లు వేడిగా ఉన్నాయి. మారకపోయేదాకా తగ్గించండి. థర్మామీటర్ చూపేది దాని సొంత ఉష్ణోగ్రత, ఎలక్ట్రాన్లది కాదు.

ఫైల్‌లో ప్రతి వరుసలో సమయం, క్షేత్రం, ఉష్ణోగ్రత, కొలిచిన కరెంట్, రెండు లాకిన్ల రెండేసి భాగాలు ఉండాలి. నిరోధంగా మార్చిన అంకెలు మాత్రమే దాచుకుంటే రేపు తప్పు పట్టుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

## 7. సాంద్రతను మూడు దారుల్లో తీయండి

ఈ మొత్తం పనిలో నేను ఎవరినైనా అడిగే మొదటి ప్రశ్న: "మూడు సాంద్రతలూ కలిశాయా?" కలవకపోతే మొబిలిటీ, ద్రవ్యరాశి ఏ అంకె చెప్పినా నేను వినను.

మొదటి దారి, తక్కువ క్షేత్రంలో హాల్ వాలు. రెండో దారి, డోలనాల ఫ్రీక్వెన్సీ: గ్రాఫ్‌ని క్షేత్రం విలోమం మీద సమాన దూరాల బిందువులకు మార్చి, నెమ్మదిగా మారే నేపథ్యం తీసేసి, ఫూరియర్ మార్పు చేస్తే శిఖరం టెస్లాల్లో వస్తుంది. స్పిన్ విడిపోని చోట ఆ అంకెను 4.836 × 10¹⁰తో గుణిస్తే చదరపు సెంటీమీటరు సాంద్రత. మనకి శిఖరం 4.96 టెస్లా దగ్గర రావాలి. మూడో దారి, ప్లాటోల మధ్య బిందువుల క్షేత్రాలు.

ఒకటి రెండు శాతంలో కలిస్తే హాయిగా ముందుకు వెళ్ళండి. కలవకపోతే:

- ఫూరియర్‌లో రెట్టింపు దగ్గర పెద్ద శిఖరం: స్పిన్ విడిపోయిన క్షేత్రాలు కూడా కలిపేశారు. పై హద్దు తగ్గించండి.
- హాల్ సాంద్రత డోలనాల కంటే ఎక్కువ: వెనక ఇంకో పొరో, రెండో సబ్‌బ్యాండో (అదే పొరలో ఎలక్ట్రాన్లు చేరిన పై శక్తి స్థాయి) కరెంట్ మోస్తోంది. సబ్‌బ్యాండ్ అయితే డోలనాల్లో బీట్లు (ఎత్తు పెరుగుతూ తగ్గుతూ పోవడం), ఫూరియర్‌లో రెండో శిఖరం కనిపించవచ్చు.
- మూడూ దేనికది: క్షేత్రం స్కేలు లేదా కరెంట్ తప్పు. ప్లాటో విలువ చూడండి. ఫాన్ క్లిట్జింగ్ స్థిరాంకం 25,812.807 ఓమ్‌లు, 2019 ప్రమాణాల సవరణ తర్వాత స్థిరపడ్డ విలువ. ఉచితంగా చేతిలో ఉన్న కాలిబ్రేషన్ ఇది, వాడుకోండి.

## 8. ద్రవ్యరాశి, క్వాంటమ్ జీవితకాలం

ఒకే క్షేత్రంలో డోలనం ఎత్తు ఉష్ణోగ్రతతో ఎలా తగ్గుతుందో చూస్తే ద్రవ్యరాశి వస్తుంది. కావలసిన రాశిని "వేడి రాశి" అందాం: 14.69ని ద్రవ్యరాశి నిష్పత్తితో, ఉష్ణోగ్రతతో గుణించి క్షేత్రంతో భాగించాలి. ఎత్తు తగ్గే తీరు, వేడి రాశిని దాని హైపర్‌బోలిక్ సైన్‌తో భాగించినట్టు. గాలియం ఆర్సెనైడ్‌లో 14.69 × 0.067 దాదాపు 0.98, అంటే వేడి రాశి ఇంచుమించు ఉష్ణోగ్రతను క్షేత్రంతో భాగిస్తే వచ్చేదే. ఈ తేలిక నాకు భలే నచ్చుతుంది. 1 టెస్లా దగ్గర 0.3 నుంచి 4 కెల్విన్ దాకా కనీసం ఆరేడు ఉష్ణోగ్రతలు తీసుకోండి, ప్రతి చోటా స్థిరపడేదాకా ఆగండి.

తర్వాత డింగిల్ గీత, అంటే క్షేత్రం తగ్గేకొద్దీ డోలనాలు ఎలా చిన్నవవుతాయో చూపే గ్రాఫ్. ఒకే ఉష్ణోగ్రతలో ప్రతి డోలనం ఎత్తును క్షేత్రం లేనప్పటి నిరోధానికి నాలుగు రెట్లతో భాగించి, వేడి ప్రభావాన్ని కూడా భాగించేసి, లాగరిథమ్‌ని క్షేత్రం విలోమం మీద గీయండి. సరళరేఖ రావాలి. దాని వాలు మన పదార్థంలో మైనస్ 1.2 టెస్లా అయితే క్వాంటమ్ జీవితకాలం (చిన్నదైనా సరే ఒక మలుపు తిరిగేలోపు ఎలక్ట్రాన్ గడిపే సమయం) 1 పికోసెకను. మొబిలిటీ నుంచి వచ్చే రవాణా జీవితకాలం 38 పికోసెకన్లు. ఇంత తేడా చూసి భయపడొద్దు, దూరపు డోపెంట్లు ఎలక్ట్రాన్లను చిన్న కోణాల్లోనే తిప్పుతాయి, ఆ తిప్పుళ్ళు మొబిలిటీకి పెద్దగా తగలవు, లాండౌ స్థాయిల్ని మాత్రం వెడల్పు చేస్తాయి.

ఆ రేఖను క్షేత్రం విలోమం సున్నా దాకా పొడిగిస్తే సున్నా దగ్గరే తాకాలి. వాలు ఎంత అందంగా వచ్చినా ఇక్కడ తప్పితే ఆ జీవితకాలాన్ని నమ్మలేం. కారణం తప్పు ఉష్ణోగ్రత కావచ్చు, వేగంగా తిప్పడం వల్ల నలిగిన చిన్న డోలనాలు కావచ్చు, శాంపిల్ పొడవునా సాంద్రత ఒకేలా లేకపోవచ్చు.

## 9. ఏది చెడితే ఏం చూడాలి

కనిష్ఠాలు సున్నాకి దిగవు, ప్లాటో కూడా కిందకి ఉంది. సమాంతర వాహకత. వేడెక్కించి, ఎల్‌ఈడీ తగ్గించి మళ్ళీ రండి. గేటు ఉంటే కొంచెం రుణ వోల్టేజీ పనిచేయవచ్చు.

కనిష్ఠాలు దిగవు, ప్లాటో విలువ మాత్రం సరిగ్గా ఉంది. ఉష్ణోగ్రతో, కరెంటో ఎక్కువ.

పొడవు నిరోధం రుణం అయింది. చాలావరకు చెడ్డ కాంటాక్టు, లేదా హాల్ వోల్టేజీ లాకిన్ ఇన్‌పుట్ల మీద కామన్ మోడ్‌గా (రెండు ఇన్‌పుట్ల మీదా ఒకేలా) ఎక్కడం. ఎర్త్‌ని అవతలి చివరకు మార్చి చూడండి, మారితే రెండోదే.

ప్లాటో వాలుగా ఉంది, 90 డిగ్రీల సిగ్నల్ కూడా పెరిగింది. ఫ్రీక్వెన్సీ సగం చేయండి. వాలు తగ్గితే కెపాసిటెన్స్, తగ్గకపోతే ఆ కాంటాక్టు వదిలేసి ఇంకో జంట.

ఒకానొక ఉష్ణోగ్రత కింద ఎత్తు పెరగడం ఆగిపోయింది. ముందు కరెంట్ తగ్గించండి. అయినా మారకపోతే రేడియో ఫ్రీక్వెన్సీ శబ్దం వైర్ల గుండా వచ్చి వేడి చేస్తోంది, గది చివర ఫిల్టర్లు పెట్టండి. నేను ఒకసారి మూడు రోజులు వెతికి, చివరికి మాగ్నెట్ డిస్‌ప్లే కేబుల్ పీకేస్తే సరిపోయింది.

క్షేత్రం పెరిగేకొద్దీ శబ్దం పెరుగుతోంది. వైరు ఊగుతోంది. పంపు ఒక నిమిషం ఆపి చూడండి. శబ్దం ఆగితే పంపు గొట్టాన్ని ఇసుక సంచుల కింద పెట్టండి, ఇన్సర్ట్ (శాంపిల్‌ని లోపలికి దించే కడ్డీ) మళ్ళీ బయటికి తీసినప్పుడు వైర్లను కట్టండి.